నూకల బేరం

"మీరు గుడికెళ్లినప్పుడు శెఫాలి మాసీ వచ్చారండి అత్తయ్యగారూ. కాసిని నూకలు కావాలంటే ఇచ్చాను."

పూజిత ఆ మాట ఎంత తేలిగ్గా అందంటే, సింకులో గిన్నెలు తోముతున్నది కనీసం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న గురవమ్మకు మాత్రం రెండో చెప్పు కాలికే ఉండిపోయింది.

"ఏటన్నావు?"

"నూకలండి."

"ఏటిచ్చినావే?"

"ఒక గ్లాసుడు నూకలండి. ఈయన పుట్టినరోజు కదా, పాయసం వండుతున్నారట. మన దగ్గర గోవిందభోగ్ బియ్యం ఉన్నాయి, అవి పట్టుకెళ్లండి అన్నాను. వద్దన్నారండి. నూకలే కావాలన్నారు."

గురవమ్మ చేతిలో ప్రసాదం సంచి జారిపోయింది. కొబ్బరి చిప్ప దొర్లుకుంటూ మంచం కిందకు పోయింది. ఆమె దాని వంక చూడనైనా లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గుమ్మంలోనే చతికిలబడింది.

"ఓలమ్మో! నా కొంప ములిగిపోనాది! ఓలమ్మో!"

కోడలికి నవ్వాలో భయపడాలో తెలియలేదు. కాకినాడ పిల్ల. కలకత్తా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్లకు కాపురానికి వచ్చి నిండా ఆరు నెలలు కాలేదు. గ్లాసుడు నూకలకే నెత్తీ నోరూ బాదుకునే పిసినారి అత్తగారు తన రాతకు దొరికింది కాబోలు అనుకుంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఊరుకోండి అత్తయ్యగారూ, సాయంత్రం నేను కొనుక్కొస్తానండి" అంది.

"నోర్ముయ్యే! కొనుక్కొస్తాదట! ఎక్కడ కొంటావే నువ్వు, నా కొడుకు పేణం ఏ కొట్టులో అమ్ముతున్నారే?"



పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ ఇంట్లో ఒక కట్టు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఇంట్లో నోరెత్తి చెబితే కట్టు తెగిపోతుందని గురవమ్మ నమ్మకం. పెళ్లైన కొత్తలో పూజిత మొగుణ్ణి అడగనే అడిగింది, కన్నతల్లిని పట్టుకుని "పిన్నీ" అంటారేమిటని. ప్రదీప్‌కుమార్ నవ్వేసి, చిన్నప్పటి అలవాటు అన్నాడు. మరి సందు చివర గదిలో ఉండే బెంగాలీ ఆవిడ శెఫాలిని "మా", అంటే అమ్మా, అని పిలుస్తారేమిటంటే, అదీ అలవాటే అన్నాడు. ఇవేం అలవాట్లో, ఇదేం కలకత్తాయో అనుకుని ఆమె ఊరుకుంది.

అసలు సంగతి ఏమిటంటే, గురవమ్మకు ప్రదీప్ మొదటి బిడ్డ కాడు. మొదటిది ఆడపిల్ల, పురిటి స్నానం కాకుండానే పోయింది. రెండోవాడు గోడ పట్టుకుని నిలబడడం నేర్చాడు, పాలపళ్లు చూపించి నవ్వడం నేర్చాడు, ఇంక ఫరవాలేదు అనుకునే వేళకు జ్వరం వచ్చి వాడూ పోయాడు. మూడోవాడు పుట్టినప్పుడు గురవమ్మ వాడి మొహం చూడ్డానికే భయపడింది. అప్పుడు క్వార్టర్లలో పెద్దదిక్కుగా ఉన్న ముసలావిడ, ఊరందరికీ పెద్దమ్మే, ఒక మాట చెప్పింది. "నీ కడుపున పుట్టినోడు నీకు దక్కడే. అమ్మీయే" అంది.

సిక్కోలు వైపు వాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ తవుడు, తవిటయ్య, తవిటమ్మ అనే పేర్లున్నవాళ్లు వీధికొకరు కనిపిస్తారు. వాళ్లంతా పురిట్లో పిడికెడు తవుడుకు అమ్ముడుపోయినవాళ్లే. బిడ్డను పరాయి మనిషికి అమ్మేస్తే, చావు వచ్చి ఈ తల్లి బిడ్డ ఏడీ అని ఇల్లంతా వెతికినా దానికి దొరకడు. దొరికినవాడు ఇంకొకరి బిడ్డ.

అలా ప్రదీప్‌ను చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టారు. కొనడానికి శెఫాలి వచ్చింది. కార్‌షెడ్డులో ఫిట్టరు పెళ్లాం, పిల్లాజెల్లా లేరు. బెంగాలీవాళ్లలోనూ ఈ ఆచారం ఉంది గనక ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. గురవమ్మ కొంగులో పిడికెడు నూకలు పోసి, బిడ్డను ఎత్తుకుని, ప్రదీప్ అని పేరు పెట్టుకుంది. వాడు పాలకు ఏడిస్తే వెనక్కి తెచ్చి, "నా కొడుకుని కాస్త పెంచిపెట్టు బోన్" అంది. బోన్ అంటే చెల్లెలు. అంతే, ఆ రోజునుంచి వాడు శెఫాలి కొడుకు. గురవమ్మ వాణ్ణి పెంచిపెడుతున్న పిన్ని.

ఆ బేరానికి కట్టుబాట్లు రెండే. వాడు గురవమ్మను అమ్మా అనకూడదు. గురవమ్మ ఇంటినుంచి శెఫాలి ఇంటికి బియ్యపు గింజ పోకూడదు. పోయిందా, పుచ్చుకున్న వెల తిరిగి ఇచ్చేసినట్టే, బిడ్డను వెనక్కి తెచ్చేసుకున్నట్టే. ఈ ముప్పై ఏళ్లలో ఆ ఇంటికి చేపల పులుసు వెళ్లింది, ఆవకాయ వెళ్లింది, పూజలకు చీరలు వెళ్లాయి. గింజ వెళ్లలేదు. కరోనా రోజుల్లో, మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న శెఫాలి బియ్యం డబ్బా ఖాళీ అయితే, గురవమ్మ తన బస్తా ముట్టుకోకుండా పక్కవాళ్ల కాళ్లావేళ్లా పడి వాళ్ల చేత బియ్యం ఇప్పించింది. కొడుకు పుట్టినరోజున గురవమ్మ పరమాన్నం వండను కూడా వండదు. శెఫాలి పాయేష్ వండి తెస్తే, అందులో బిర్యానీ ఆకు వేస్తుందని సణుక్కుంటూ అందరితో పాటు తానూ ఇంత తింటుంది.

అంత జాగ్రత్తగా కాపాడుకొచ్చిన కట్టును కోడలు పిల్ల ఒక స్టీలు గ్లాసుతో తెంపేసింది.

"ఇంకా పొయ్యి మీద పెట్టుండదు" అంటూ గురవమ్మ దిగ్గున లేచింది. "పద, ఎల్లి తెచ్చీద్దాం." ఒక కాలికే చెప్పుతో మెట్లు దిగి సందులోకి పరిగెత్తింది. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మనిషి, రిక్షావాడు "మాసీ, దేఖే!" అని అరుస్తున్నా వినిపించుకోకుండా పరిగెత్తింది. వెనకాల పూజిత, ఏం జరుగుతోందో తెలియకుండానే, పరిగెత్తింది.

సందు సగంలో ఉండగానే పాలు మరుగుతున్న వాసన తగిలింది. 

శెఫాలి గది తలుపు తీసే ఉంది. ఆవిడ చిన్న పీట మీద కూర్చుని, గ్యాసు పొయ్యి నేల మీదే పెట్టుకుని, పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతోంది. పాలు సగానికి మరిగి మీగడ రంగుకు వచ్చాయి. పక్కన కాగితంలో ఖర్జూర బెల్లం అచ్చు, చలికాలంలో తప్ప దొరకని కొత్త బెల్లం. గిన్నెలో నూకలు మెల్లగా కుతకుతలాడుతున్నాయి.

"దీదీ! ఏసీసినావేటి? నూకలు ఏసీసినావేటి?"

"ఏసినాను. ఉడికిపోనాయి కూడాను."

"దించు! దించీయి! ఈ గుంటకి తెలీదు దీదీ, తెలీక ఇచ్చినాది! పారబోసీ, నీ కాల్లట్టుకుంటాను!" అని గురవమ్మ ఉత్త చేతులతోనే గిన్నె పట్టుకోబోయి, చుర్రుమనేసరికి కెవ్వున వెనక్కి తీసుకుంది.

శెఫాలి తాపీగా పొయ్యి ఆర్పింది. గుడ్డతో గిన్నె పట్టి కింద పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఈ జనం మధ్య ఉండి ఆవిడ తెలుగు అచ్చంగా గురవమ్మ తెలుగే అయిపోయింది. "బౌమాకి, కోడలుపిల్లకి, తెల్దు. నాకు తెలుసు గదా బోన్" అంది. "మంచి బియ్యం ఇస్తానన్నాది. నానే వొద్దన్నాను. నూకలిచ్చి కొన్నాను, నూకలే పుచ్చుకోవాల. నువ్వు గుడికెల్లీదాకా మీ గేటుకాడ కూకుని, అప్పుడు మెట్లెక్కినాను."

గురవమ్మ చేతి మంట మరిచిపోయింది. ఇది పొరపాటు కాదు! కావాలని చేసిన పని! తోబుట్టువు కంటే ఎక్కువ అనుకున్న మనిషి, కాపు కాసి, దొంగతనంగా వచ్చి, తెలియని పిల్ల చేతినుంచి నూకలు పట్టుకుపోయింది.  గురవమ్మ భగ్గుమంది.

"ఏల దీదీ? నీకు నానేటి ద్రోహం సేసినాను? ఎత్తుకుని పెంచినావు గదా, ఆడి పేణం మీద నీకింత పగేటి? ఇన్నేల్లు ఆగినావు, కొత్త పెల్లికొడుకయినాక గుర్తొచ్చినాదా నీకు?"

"అరుసుకో, అరుసుకో. అరిసీదంతా అయినాక సెప్తాను."

"సెప్పీయి!"

"నా కడుపులో గడ్డ ఉన్నాది" అంది శెఫాలి. "పెద్దాస్పత్రిలో సూసినారు. మంచి గడ్డ కాదన్నారు. కోస్తామన్నారు, కోసినాక ఎలాగుంటాదో సెప్పలేమన్నారు. ఇంటికాడ ఎవులున్నారు, తీసుకురా అన్నారు. ఎవులూ నేరని సెప్పి వొచ్చీసినాను."

 నెల రోజులుగా ఈ మనిషి సన్నబడుతోందని గురవమ్మ చూస్తూనే ఉంది. పళ్లు లేక తినడం లేదనుకుంది. మొన్ననే, "ఏటి దీదీ, సోకు సేస్తన్నావేటి" అని ఎగతాళి కూడా చేసింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు తన నాలుక కోసేసుకోవాలనిపించింది. గుమ్మంలో పూజిత కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"నాను ఇలాగే పోయాననుకో" అని శెఫాలి బెల్లం అచ్చు తీసి చేత్తో విరవసాగింది. "ఆడు తల్లి సచ్చినోడైపోతాడు. నువ్వు నిచ్చేపంలాగ బతికుండగా! మా అని పిలవడానికి ఆడికి ఎవులూ ఉండరు. నిన్ను పిన్నీ పిన్నీ అనుకుంటా తిరుగుతాడు. నీ కొడుకుని పట్టుకుపోయి నాను కాటిలో పడుకుంటానా? ఆ పాపం నాకొద్దు బోన్. నీది నీకిచ్చీసినాను. నేటినుంచి ఆడు నీ కొడుకు."

పాలు కాస్త చల్లారాయో లేదో గరిటె తిప్పి చూసుకుని, బెల్లం ముక్కలు అందులో జారవిడిచింది. మరుగుతుండగా వేస్తే పాలు విరిగిపోతాయి. అంత మాట అంటూ కూడా ఆవిడ ఆ సంగతి మరిచిపోలేదు.

గురవమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నీ కొడుకు. ఈ మాట కోసం ఆమె లోపల్లోపల ఎంత ఏడ్చిందో దేవుడికి తెలుసు. పసివాడు మొట్టమొదట "అమ్" అన్న రోజున వాడి మూతి మీద చిన్న దెబ్బ వేసి, "పిన్ని అనాల" అని నేర్పి, బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చిన మనిషి ఆమె. బడిలో, పెళ్లిలో, పదిమందిలో వాడు పిన్నీ అని పిలిచినప్పుడల్లా తెలియనివాళ్లు ఆమెను మారుతల్లి అనుకున్నారు. అనుకుంటే అనుకోనీ, వాడు బతికుంటే చాలనుకుంది. ఇప్పుడు అడగకుండానే ఆ మాట తెచ్చి ఒళ్లో పెడితే, సంతోషం రాలేదు సరికదా, పోయిన ఇద్దరు పిల్లలే కళ్ల ముందు మెదిలారు.

సరిగ్గా అప్పుడే ప్రదీప్‌కుమార్ వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా కార్‌షెడ్డునుంచి వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు మరకలు. పుట్టినరోజున ముందు ఇక్కడికి రావడం వాడికి ఎప్పుడూ ఉన్నదే.

"మా, పాయేష్ అయిందా? ఆకలేస్తన్నాది" అంటూ లోపలికి వచ్చి, ముగ్గురు ఆడవాళ్ల మొహాలూ చూసి ఆగిపోయాడు. "ఏటైంది? ఎవులు పోయినారు?"

"ఎవులూ పోలేదు. ఇటు రా ఖోకా" అంది శెఫాలి. వాడికి ముప్పై ఏళ్లు వచ్చినా ఆవిడకు ఇంకా ఖోకానే, చంటిపిల్లాడే. "నూకలు తిరిగి పుచ్చుకున్నాను. బేరం రద్దు. ఇక మీ అమ్మ ఈవిడే. పిలు."

తనను అమ్మిన కథ వాడికి తెలుసు. క్వార్టర్లలో ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పే ఉంటారు. నమ్మేవాడో లేదో గాని, ఆ ఇద్దరు ఆడవాళ్లూ నమ్మారు గనక వాడు ఏనాడూ ఆ కట్టు దాటలేదు. ఇప్పుడు వాడు శెఫాలిని చూశాడు. తర్వాత గోడ దగ్గర కూర్చున్న గురవమ్మ వైపు తిరిగాడు. వాడి మొహం పసిపిల్లాడి మొహంలా అయిపోయింది. వాడు అనబోతున్నాడని గురవమ్మకు తెలిసిపోయింది. వాడికి కూడా ఇన్నేళ్లుగా అనాలని ఉందని, ఆ నోరు కదిలిన తీరు చూసి, అప్పుడే మొదటిసారి తెలిసింది.

"అమ్..."

గురవమ్మ లేచిన తీరు పూజిత జన్మలో మరిచిపోదు. ఒక్క ఉదుటున వెళ్లి కొడుకు నోరు అరచేత్తో నొక్కేసింది.

"అనకురా! అనకురా నాయినా! సచ్చిపోతావురా!"

వాడు బిత్తరపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. అలాగే వాడి నోరు మూసి పట్టుకుని శెఫాలి వైపు తిరిగింది. "కొను దీదీ. మల్లీ కొనీయి."

"కొనను."

"నీకు దండం పెడతాను."

"ఎన్ని పెట్టినా కొనను. సచ్చీదానికి కొడుకెందుకు?"

"సచ్చీదానికే కావాల కొడుకు!" అని గురవమ్మ గావుకేక పెట్టింది. ఆ కేకకు పక్క గదివాళ్ల రేడియో ఆగిపోయింది. "ఎవులూ నేరని సెప్పినావా ఆస్పత్రిలో? ఎవులూ నేరా నీకు? నిన్ను మా మా అనుకుంటా నీ సీర కుచ్చిల్లు పట్టుకుని తిరిగినోడు ఎవుడు? ఆడు బతికినాడంటే నీ వల్ల బతికినాడు. పనైపోయినాదని నిన్ను ఒంటరిదాన్ని సేసి, నా కొడుకుని నాను తెచ్చీసుకుంటానా? నానంత నీచపుదాన్నా?"

శెఫాలి పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఆవిడ మొండితనం గురవమ్మకు కొత్త కాదు.

అప్పుడు గురవమ్మ ఒక పని చేసింది. కొడుకు నోటిమీద చెయ్యి తీసి, కింద కూర్చుని, గిన్నెలో ఉన్న గరిటె తీసుకుని, నిండా పాయసం ముంచి, ఊదనైనా ఊదకుండా నోట్లో పోసుకుంది. నాలుక కాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగింది.

"హాయ్ హాయ్!" శెఫాలి బుగ్గలు నొక్కుకుంది. పుట్టినరోజు పాయేష్ పుట్టినవాడి కంటే ముందు ఇంకొకరు ఎంగిలి చేయడమా! బెంగాలీ ఇంట్లో అలాంటి పని ఎవరూ కలలో కూడా చేయరు. "ఏటి సేసినావు బోన్! నీకు పిచ్చెక్కినాదా?"

"నూకలు నావి" అంది గురవమ్మ మూతి తుడుచుకుంటూ. "పాలు నీవి. బెల్లం నీది. ఆ దిక్కుమాలిన ఆకు కూడా నీదే. నీ ఇంటి సరుకు నా కడుపులో పడిపోనాది. అమ్మినదాని కడుపులో వెల పడితే బేరం ఖాయం. నువ్వు కొననంటే ఆగీది కాదు ఇంక. కొనీసినావు."

"మోసం! ఇది మోసం!"

"అవును, మోసమే. నువ్వు గేటుకాడ కూకుని సేసిందేటి?"

 శెఫాలి చేతిలో మిగిలిన బెల్లం ముక్క పట్టుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. గడ్డ గురించి చెప్పినప్పుడు కూడా ఏడవని మనిషి.

గురవమ్మ కొడుకు వైపు చూడకుండానే చెప్పింది. "మీ అమ్మకి కడుపులో గడ్డరా. కొయ్యాలట. నువ్వు సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకెల్లు. ఆ డాక్టరుకి నాను ఈవిడ కొడుకునని సెప్పు. గట్టిగా సెప్పు."

ప్రదీప్ మొహం పాలిపోయింది.  గ్రీజు చేతులతోనే శెఫాలి ముందు కూలబడి, "మా, నాకేల సెప్పలేదు? మా!" అంటూ ఆవిడ ఒళ్లో తల పెట్టేసుకున్నాడు. ఆవిడ వాడి జుట్టు నిమురుతూ బెంగాలీలో ఏదేదో అంది. గురవమ్మ అటు చూడలేక, గిన్నె మీద మూత పెట్టి, పూజిత చెయ్యి పట్టుకుని బయటకు వచ్చేసింది.

ఇద్దరూ సందులో నడిచారు. పట్టాల మీద హౌరా లోకలు వెళ్లిపోయింది. ఆ చప్పుడు తగ్గాక పూజిత ఇంక ఆపుకోలేకపోయింది.

"ఒక్కసారి పిలవనివ్వాల్సింది అత్తయ్యగారూ. ఒక్కసారికి ఏమవుతుందండి? ఇన్నేళ్లుగా మీరు వినలేదు కదండీ."

గురవమ్మ కొంగుతో ముక్కు చీదుకుంది.

"సగం ఇన్నాను కదే" అంది. "సగం సాల్లే నాకు."